అమ్మ గురించి రాయబోతే రెండు పేరాలకే అయిపోతోంది

ప్రశ్న: మేడమ్, మా అమ్మ పోయి వచ్చే నెలకి ఏడాది. మాది కోనసీమ, అమలాపురం దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక నేను డల్లాస్ వచ్చేశాను. సంవత్సరీకం నాటికి అమ్మ గురించి చిన్న పుస్తకం వేసి చుట్టాలకి పంచాలని నా కోరిక. కానీ రాయడానికి కూర్చుంటే "మా అమ్మ ప్రేమమూర్తి, త్యాగమూర్తి, తనకంటూ ఏదీ దాచుకోలేదు" అని రెండు పేరాలు వచ్చి ఆగిపోతోంది. అన్నయ్యని అడిగితే "అమ్మ ఎనిమిదో క్లాసు చదివింది, వంటింట్లో ఉంది, మనల్ని పెంచింది, ఇంకేం రాస్తావే" అంటాడు. 96 తుఫానుకి మా కొబ్బరి చెట్లు పోతే అమ్మ రెండు గేదెల్ని కొని, పాలు పోసి మా ఇద్దరి చదువులు నడిపింది, అప్పుడు నేను ఇంటర్, అంతకుమించి నాకేం తెలీదు. నా రెండు పురుళ్ళకీ ఇక్కడికొచ్చి ఆర్నెల్లేసి ఉంది. పిల్లలకి అమ్మమ్మంటే ప్రాణం, కానీ వాళ్ళకి తెలుగు చదవడం రాదు. అమ్మ పడ్డ కష్టాలు కొన్ని ఉన్నాయి, చదువు మానిపించడం, నాన్నగారి కోపం, అవి రాయాలా వద్దా? అమ్మ గోడ క్యాలెండర్లలో లెక్కలు రాసుకునేది, ఆ కట్ట అటక మీద ఉంది, నాన్నగారు ఇల్లు సర్దుతూ పడేస్తానంటున్నారు. ఆఖర్లో నేను వెళ్ళలేకపోయాను, వీడియో కాల్‌లో చూశాను, అదొకటి తొలిచేస్తోంది. (పేరు వద్దన్నారు)

జవాబు: అమ్మా, ముందొక పని చెయ్యండి. చదవడం ఇక్కడ ఆపేసి ఇంటికి ఫోన్ చేసి ఆ క్యాలెండర్ల కట్టని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పండి, నాన్నగారు వింటారో లేదో అనిపిస్తే ఆ కట్ట తెచ్చి తన దగ్గర పెట్టుకోమని అన్నయ్యకి చెప్పండి. మిగతావన్నీ నిదానంగా చేసుకోవచ్చు, కాగితాలు మాత్రం ఒకసారి పాత పేపర్లవాడి బండెక్కాయంటే ఇక దొరకవు.

మీకు రాయడం రాక ఆగిపోవట్లేదు. ప్రేమమూర్తి, త్యాగమూర్తి అనే మాటలతో మొదలుపెట్టారు కాబట్టి ఆగిపోతోంది. ఆ మాటలు అబద్ధమని నేననను. కానీ మీ అమ్మగారి పేరు తీసేసి పక్కింటావిడ పేరు పెట్టినా ఆ రెండు పేరాలూ అలాగే సరిపోతాయి, ఇంక అందులో మీ అమ్మగారు ఎక్కడున్నట్టు? పైగా త్యాగమూర్తి అనేశాక ఆవిడ ఏం వదులుకుందో ఎవరూ అడగరు, ఆ మాటతో అన్నీ చెప్పేసినట్టు అయిపోతుంది. సంతాప సభల్లో, ఫ్లెక్సీల మీద, పేపర్లో వేసే శ్రద్ధాంజలి ప్రకటనల్లో మన ఆడవాళ్ళందరూ ఒకేలా ఉండేది ఇందుకే. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది, డెబ్భై ఏళ్ళు బతికిన మనిషికి మిగిలేది ఆ రెండు ముక్కలేనా అని.

అసలు పుస్తకం మీ ఉత్తరంలోనే ఉంది. 96 తుఫాను, రెండు గేదెలు. మీరు ఒక్క లైనులో చెప్పి దాటేశారు, నేను అక్కడే ఆగిపోయాను. 1996 నవంబరు 6 రాత్రి అది, కోనసీమలో ఆ రాత్రి చూసినవాళ్ళెవరూ మర్చిపోలేదు, తెల్లారేసరికి తోటలకి తోటలు నేలమీద పడున్నాయి. నాటు కొబ్బరి మొక్క మళ్ళీ వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, మీరప్పుడు ఇంటర్ అంటున్నారు, అంటే మీ డిగ్రీ అంతా ఆ ఎడంలోనే జరిగింది, కొబ్బరి మీద పైసా రాని రోజుల్లో. మరి గేదెల్ని కొనడానికి డబ్బెక్కడిది? గాజులు తాకట్టు పెట్టారా, పుట్టింటివాళ్ళిచ్చారా, అప్పు తెచ్చారా, తెస్తే ఎంత వడ్డీకి? గేదెల్ని ఎక్కడ కొన్నారు, సంతలోనా, తెలిసినవాళ్ళ దగ్గరా, బేరం ఎవరాడారు? ఆవిడకి పాలు తియ్యడం ముందే వచ్చా, నేర్చుకున్నారా? తుఫాను తర్వాత మేత ఎక్కణ్ణించి తెచ్చారు? ఎన్నిళ్ళకి పోసేవారు, డబ్బులు ఎగ్గొట్టినవాళ్ళున్నారా, వాళ్ళని ఎలా అడిగేవారు? వీటిల్లో ఒక్కోదానికి జవాబు దొరికితే ఒక్కో పేజీ అవుతుంది. ఇంట్లో కూర్చుని పిల్లల్ని పెంచినావిడ అని అన్నయ్య అంటున్నది ఎవరి గురించో చూడండి, ఆయన చదివిన చదువుకి ఫీజు కట్టిన మనిషి గురించి.

ఆ లెక్కంతా ఎక్కడ దొరుకుతుందంటే ఆ అటక మీదే. తీరిగ్గా 1996 క్యాలెండర్ తీసి నవంబరు, డిసెంబరు పేజీలు చూడండి, ఆ ఏడాదిది లేకపోతే తర్వాతి ఏడాదిది. పాల లెక్క మొదటిసారి ఏ నెలలో కనపడిందో గేదెలు వచ్చింది ఆ నెలలోనో ఆ ముందు నెలలోనో. ఆఖరిసారి ఎప్పుడు కనపడిందో చూస్తే పాలు పోయడం ఎప్పుడు మానేశారో తెలుస్తుంది, ఆ నెలలో ఇంట్లో ఏమైందో అడగండి, మీకు ఉద్యోగం వచ్చిందా, పెళ్ళి కుదిరిందా, ఆవిడ నడుం పట్టేసిందా. మన ఆడవాళ్ళు క్యాలెండర్ గళ్ళల్లో పాలు మాత్రమే రాయరు. గ్యాస్ వచ్చిందని రాస్తారు, గేదె ఈనిందని రాస్తారు, చీటీ కట్టిన తేదీ, అప్పిచ్చిన తేదీ, చాకలి బట్టల లెక్క, ఎవరి తద్దినం ఎప్పుడో, పిల్లలు ఊరెళ్ళిన రోజు, అమెరికా నుంచి ఫోన్ వచ్చిన రోజు. డైరీ రాసుకునే అలవాటూ తీరికా లేని మనిషికి అదే డైరీ. ఇంకోటి, ఆవిడ డల్లాస్‌లో ఉన్న ఆర్నెల్లూ ఆ గళ్ళల్లో ఏముందో చూడండి, ఖాళీగా వదిలేశారా, లేక నాన్నగారు రాశారా, రాస్తే ఆ చేతిరాత ఒక్క పేజీ యథాతథంగా పుస్తకంలో వెయ్యండి. పగటి వెలుతురులో ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీసి మీకు పంపమని అన్నయ్యకి చెప్పండి, ఆ పని చేసేటప్పుడు ఆయన చదవకుండా ఉండలేరు, ఏముంది రాయడానికి అన్న మాట ఆయనే వెనక్కి తీసుకుంటారు.

ఇక మనుషుల్ని అడగడం. ఫోన్ చేసి "మా అమ్మ ఎలాంటిది" అని అడిగారంటే ఎవరైనా "దేవతమ్మా" అంటారు, అంతటితో అయిపోతుంది. అలా కాకుండా చిన్నవి అడగండి. పాలు ఎన్నింటికి తెచ్చేది, క్యాన్లోనా తపేలాలోనా, తనే వచ్చేదా అన్నయ్యని పంపేదా, నీళ్ళు కలిపారని ఎవరైనా అంటే ఏమనేది, నవ్వితే పెద్దగా నవ్వేదా, కోపం వస్తే తిట్టేదా మాట్లాడ్డం మానేసేదా. మీ పిన్ని ఉంటే పిన్నిని, మావయ్యలుంటే వాళ్ళని, ఆవిడ ఈడు స్నేహితురాళ్ళు ఎవరైనా మిగిలుంటే ముందు వాళ్ళని అడగండి, ఎందుకంటే మీరు పుట్టకముందు మీ అమ్మగారు ఎలా ఉండేవారో చెప్పగలిగినవాళ్ళు వాళ్ళే, వాళ్ళకీ వయసు మీదపడింది. చెప్పి, వాళ్ళు సరేనన్నాకే రికార్డ్ చెయ్యండి.

పుట్టిన తేదీ దగ్గర చాలామందికి చిక్కొస్తుంది. ఆధార్‌లో జనవరి 1 అనో, స్కూల్ సర్టిఫికెట్లో జూలై 1 అనో ఉంటుంది, అది ఎవరో వేసిన తేదీ, నమ్మకండి. దేశమంతటికీ ఒకే జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చిందే 1969లో, అంతకుముందు పల్లెటూళ్ళో పుట్టిన ఆడపిల్ల తేదీ కాగితం మీద సరిగ్గా దొరకడం కష్టమే. కానీ పెద్దవాళ్ళకి తెలుగు సంవత్సరాల పేర్లు గుర్తుంటాయి. "విజయలో పుట్టింది" అని పిన్ని అంటే 1953 ఉగాది నుంచి 54 ఉగాది లోపల అన్నమాట. మన్మథ అంటే 1955, దుర్ముఖి అంటే 56, హేవిళంబి అంటే 57. గోదావరి వాళ్ళకి ఇంకో లెక్క కూడా ఉంటుంది, 53 వరదకి చంకలో పిల్ల అనో, 86 వరదకి ఇంట్లోకి నీళ్ళొచ్చాయి అనో. 1953 వరదా, 1986 వరదా రెండూ ఆగస్టులోనే వచ్చాయి, ఆ మాట పట్టుకుంటే నెలలతో సహా తేలిపోతుంది.

అలాగే పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా వెయ్యండి. వాళ్ళమ్మ పేరు, అమ్మమ్మ పేరు, నాయనమ్మ పేరు, తెలిసినంతవరకూ. తర్పణాల్లో చెప్పే పేర్లు మూడు తరాలతో ఆగిపోతాయి, అందులోనూ ఆవిడది అత్తింటి గోత్రమే, ఆ పైన ఉన్న ఆడవాళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ దొరకవు.

వంటింట్లో ఉంది, ఏముంది రాయడానికి అన్నారు కదా అన్నయ్య. మీ కోనసీమలోనే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారున్నారు, 1841లో పుట్టి 1909లో పోయారు, ఆవిడ చేసిందల్లా గోదావరి పాయలు దాటి ఆకలితో వచ్చినవాళ్ళకి ఏ వేళైనా వండి పెట్టడం. వంద ఏళ్ళు దాటినా అక్కడ గోదావరి పాయ మీదుగా కాలువని దాటించే వంతెనకి, అదే అక్విడక్ట్‌కి, ఆవిడ పేరుంది, 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆ పేరే పెట్టారు. వండి పెట్టడం అనే పనిని పనిగా చూసినవాళ్ళు ఉన్నారు కాబట్టి, తిన్నవాళ్ళు నలుగురికీ చెప్పారు కాబట్టి ఆవిడ మనకి తెలిశారు. మీ అమ్మగారు ఊరందరికీ పెట్టి ఉండకపోవచ్చు, మీ ఇంటికి పెట్టారు, మీ ఇంట్లో పుస్తకం వేసేది మీరే.

వంట గురించి రాస్తే "అమ్మ చేతి ఆవకాయ అమృతం" అని మాత్రం రాయొద్దు. కొలతలు రాయండి. ఆవిడ సోలడు ఆవపిండికి సోలడు కారం అనేవారా, ఉప్పు తలకొట్టి పోసేవారా? ఇంట్లో ఆ సోల ఉండే ఉంటుంది, ఇత్తడిదో ఇనపదో, దాన్ని తియ్యమని చెప్పి అదే సోలతో ఆవపిండి, కారం, ఉప్పు విడివిడిగా కొలిచి వంటింటి కాటా మీద తూకం వేయించండి. ఒకే సోల అయినా మూడూ మూడు తూకాలొస్తాయి, అందుకే పుస్తకాలు చూసి కప్పులతో కలిపితే ఆ రుచి రాదు. ఆ మూడు అంకెలూ రాసి పెడితే డల్లాస్‌లో మీ మనవరాలు కూడా ఆ ఆవకాయ పెట్టుకోగలదు. బాలింతకి మీకు పెట్టిన పత్యం కూడా రాయండి, బాలింతలకిచ్చే కాయం మందు ఎలా చేశారు, అక్కడ దొరకనివాటికి బదులు ఏం వేశారు, ఏవి ఊరి నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చారు.

ఆ పురుళ్ళ సంగతి అసలు విడిగా ఒక అధ్యాయం కావాలి. ఇంగ్లీషు రాని యాభై ఏళ్ళ ఆడమనిషి, అప్పటిదాకా హైదరాబాదు కూడా ఒంటరిగా వెళ్ళిందో లేదో, దారిలో విమానం మారి, ఇమిగ్రేషన్ ఆఫీసర్ ఎదురుగా మీరు రాసిచ్చిన కాగితం పట్టుకుని నిలబడి, బయటికొచ్చి మిమ్మల్ని చూసుకుంది. ఇలా వెళ్ళిన అమ్మలు వేలల్లో ఉన్నారు మన తెలుగువాళ్ళల్లో, అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న ఒక తరం ఆడపిల్లలు నిలబడింది వాళ్ళ ఆర్నెల్ల మకాముల మీద, ఇది ఎక్కడా రాయలేదు ఎవరూ సరిగ్గా. స్నానాలగదిలో కింద కూర్చుని కాళ్ళు బార్లా చాపి, వాటిమీద పసిదాన్ని బోర్లా పడుకోబెట్టి, నలుగు పెట్టి, అరచెయ్యి నుదుటికి అడ్డంపెట్టి కళ్ళల్లోకి నీళ్ళు పోకుండా పోసేది కదా, ఆ అపార్ట్‌మెంట్ బాత్రూంలో ఎక్కడ కూర్చుంది, టబ్బులోనా బయటా, నీళ్ళు బయటికి పోయే దారి లేకపోతే ఏం చేసింది, మీరు గుమ్మంలో నిలబడి చూశారు కదా, అది రాయండి. ఆవిడకి ఆ ఆర్నెల్లూ ఎలా గడిచాయో కూడా రాయండి, పగలంతా మాట్లాడే మనిషి లేక విసుక్కుందా, కిటికీలోంచి ఏం చూసేది, అక్కడ గేదెలు లేవని అనుకునేదా, తిరుగు టికెట్ తేదీ ఎన్నిసార్లు అడిగేది. బాధపడి ఉంటే అదీ రాయండి.

కష్టాలు రాయాలా వద్దా అన్నారు. నా అభిప్రాయం చెప్తాను, మీకు నచ్చకపోతే వదిలెయ్యండి. చదువు మానిపించిన సంగతి రాయాల్సిందే, అది రహస్యం కాదు, అందరికీ తెలిసిందే, ఆవిడ జీవితంలో పెద్ద మలుపు అదే. ఎవరు మానిపించారు, ఎందుకు, బడి దూరమా, పెళ్ళి కుదిరిందా, తర్వాత ఆవిడ ఏం చదువుకునేవారు, అప్పట్లో చాలామంది వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి కుట్టించి దాచుకునేవాళ్ళు, పెట్టెలో అలాంటివి ఏమైనా ఉన్నాయేమో చూడండి. కానీ "నవ్వుతూ త్యాగం చేసింది" అని రాయకండి, ఏడ్చి ఉంటే ఏడ్చిందనే రాయండి. నాన్నగారి కోపం వేరే సంగతి. ఆయన ఉన్నారు, ఒక్కరే ఉన్నారు ఇప్పుడు ఆ ఇంట్లో. ఆయన పక్కన కూర్చుని మీరు పైకి చదవగలిగినంతవరకే పుస్తకంలో వెయ్యండి. దానికన్నా ముందు ఆయన్ని అడగండి, తుఫాను రాత్రి గురించి, గేదెల గురించి, ఆర్నెల్లు ఆవిడ లేకుండా ఎలా వండుకున్నారో. కోపిష్టి మగవాళ్ళు భార్య పోయాక మాట్లాడతారు, పిల్లలు అడిగితే. ఆయనంతట ఆయన "నేను చాలా మాటలన్నాను" అంటే అది ఆయన మాటగా ఉంటుంది, మీ ఫిర్యాదుగా ఉండదు. అమ్మగారు మీ ఒక్కరికే "ఎవరికీ చెప్పకే" అని చెప్పినవి ఏమైనా ఉంటే మాత్రం అవి మీతోనే ఉండనివ్వండి, మనిషి పోయినా ఆ మాట పోదు.

పిల్లలకి తెలుగు చదవడం రాదని పుస్తకం నుంచి వాళ్ళని తప్పించెయ్యకండి. చెరో రెండు పేజీలు అమ్మమ్మ గురించి వాళ్ళ ఇంగ్లీషులోనే రాయనివ్వండి, మీరు దిద్దొద్దు. మనకి తట్టనివి వాళ్ళకి తడతాయి, అమ్మమ్మ చేతుల వాసన, ఫోన్ కెమెరాలో నుదురు ఒక్కటే కనపడేలా పట్టుకోవడం, ఇంగ్లీషు మాట ఏదో తనకొచ్చినట్టు పలకడం. అన్నయ్య పిల్లలకి ఆవిడ మామ్మ కదా, వాళ్ళు ఊళ్ళో చూసిన మనిషి వేరేగా ఉంటుంది, వాళ్ళతోనూ రాయించండి. ఇక ఆవిడ గొంతు. మీ వాట్సాప్‌లో ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్‌లు ఉండే ఉంటాయి, "తిన్నావా, పిల్లలు పడుకున్నారా" అని. ఇవాళే ఆ చాట్ మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి రెండు మూడు చోట్ల దాచండి, ఫోన్ మార్చినప్పుడు బ్యాకప్ సరిగ్గా కాక పోగొట్టుకున్నవాళ్ళ ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి, వాటికి నా దగ్గర జవాబుండదు. వాటిల్లో ఒకటి ఎక్కించి క్యూఆర్ కోడ్ చేసి పుస్తకం లోపలి అట్ట మీద వేస్తే తెలుగు చదవడం రాని పిల్లలు కూడా వినగలరు. ఊళ్ళో ఉన్న ఆవిడ ఫోన్ కూడా ఎవరికీ ఇచ్చెయ్యకండి, అందులో ఉన్నవి తీసుకునేదాకా ఆ నెంబర్ రీచార్జ్ చేయిస్తూ ఉండండి.

ఆఖర్లో వెళ్ళలేకపోయిన సంగతి. దాన్ని నేను మాటలతో తుడిచెయ్యలేను, మీరు వెళ్ళుంటే బాగుండేదని మీకూ నాకూ తెలుసు. కానీ ఒకటి గమనించండి, మీరు దూరాన ఉండటం ఆవిడకి ఆ రోజే తెలిసిందేం కాదు. పాలమ్మి చదివించి, విమానం ఎక్కించి, రెండుసార్లు తనే అక్కడికొచ్చి మీ సంసారం నిలబెట్టి వెళ్ళిన మనిషి ఆవిడ, మీరు అక్కడుండాలన్నది ఆవిడ కూడా కోరుకున్నదే. వీడియో కాల్‌లో ఆవిడ ఏమన్నారో, అసలు మాట్లాడగలిగారో లేదో మీరు రాయలేదు. పుస్తకం కోసం కాదు, మీ కోసం ఒక కాగితం మీద రాసుకోండి అది, తేదీ వేసి. నిద్ర పట్టకపోవడం, పనిచెయ్యలేకపోవడం ఇంకా ఉంటే మాత్రం కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి, అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు కూడా దొరుకుతారు.

చివరగా పుస్తకం పని. నెల రోజుల్లో ఇదంతా అవ్వదు, కంగారుపడి చేస్తే మళ్ళీ ఆ రెండు పేరాలే మిగులుతాయి. సంవత్సరీకానికి నాలుగు పేజీలు చాలు, ఒక ఫొటో, పుట్టింటి పేరుతో సహా ఆవిడ పూర్తి పేరు, తుఫాను తర్వాతి గేదెల కథ మీకు తెలిసినంత, కింద "మీకు గుర్తున్నది ఈ నెంబరుకి చెప్పండి" అని అన్నయ్య ఫోన్ నెంబరు. భోజనాలకి వచ్చినవాళ్ళు అది చదివి అక్కడే మొదలుపెడతారు చెప్పడం, "అదికాదమ్మా, మూడో గేదె కూడా ఉండేది" అని, ఆ రోజు ఎవరో ఒకరు రాసుకునేలా చూడండి. పాత ఫొటోలు తీసుకొస్తే అక్కడికక్కడే ఎవరు ఎవరో అడిగి వెనకాల మెత్తటి పెన్సిల్‌తో రాయించండి, బాల్‌పెన్ వద్దు, అచ్చు ఇవతలికి పడుతుంది. పెద్ద పుస్తకం రెండో ఏడాదికి పెట్టుకోండి. మీరు ఫోన్లో యూనికోడ్‌లో టైప్ చేసింది ప్రెస్సువాళ్ళు తాము వాడే "అను" అనే తెలుగు ఫాంట్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు, పొల్లులు ఎగిరిపోతుంటాయి, అందుకని ప్రూఫ్ మీరొక్కరే చూడకుండా పిన్నికి కూడా పంపండి. అక్షరం పద్నాలుగు పాయింట్లకి తగ్గకుండా వెయ్యమనండి, చదివేవాళ్ళల్లో సగం మంది అమ్మగారి ఈడువాళ్ళే.